గల్లీ నడుమ గీత

జనగామ
సోమవారం

ప్రియమైన బామ్మర్ది లక్ష్మణ్‌కు,

నీ బావ వీరస్వామి రాస్తున్నాడు. అందరం బాగున్నాం. మీ అక్క కనకలక్ష్మి మోకాళ్లు కూడా బాగానే ఉన్నాయి, నాతో కొట్లాటకు లేచి నిలబడుతోంది. నువ్వు ఫోన్ చేయకు. ముప్పై ఏళ్లు పత్తి మిల్లులో కాంటా వేసిన చెవులివి, ఫోన్‌లో నీ మాట నాకు మిల్లు మోతలాగే ఉంటుంది. ఈ ఉత్తరం మీ భూపాలపల్లి బస్సు డ్రైవర్ కృష్ణ చేతికిస్తున్నాను. నీ జవాబు కూడా అతనికే ఇవ్వు. ఉన్నది ఏడు రోజులే, పోస్టును నమ్ముకుంటే పని కాదు.

సంగతి విను. జనాభా లెక్కలు అయిపోయాయి కదా, వాటిని బట్టి మా దగ్గర వార్డులను కొత్తగా గీశారు. ముసాయిదా అని పటం మున్సిపల్ ఆఫీసు గోడకు అంటించారు. నచ్చనివాళ్లు ఏడు రోజుల్లో కాగితం మీద రాసి ఇవ్వాలట. పొద్దున్నే పోయి చూశాను. ఒళ్లు మండింది. మా దూదిమిల్లు గల్లీని నడుమకు కోశారు! మురికినీళ్ల మోరి వెంబడే గీత. మా ఇల్లున్న తూర్పు వరుస ఎప్పటిలాగే పదిహేడో వార్డు. పడమటి వరుస పద్దెనిమిదిలోకి పోయింది.

అక్కడున్న గుమస్తాను నిలదీశాను. "గిదేంది సారూ, మరి మోరి ఎవల్ది?"

"మోరి నడుమకెల్లే గీత పోతది తాతా."

"అయితే సగం మోరి ఒకలు తీసి, సగం ఇంకొకలు తీస్తరా? నీళ్లకు నీ గీత కనవడ్తదా?"

చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. నేను నవ్వలేదు. రేపు మోరి నిండితే ఈ వార్డు కౌన్సిలర్ ఆ వార్డాయన దగ్గరికి పొమ్మంటాడు, ఆయన ఈయన దగ్గరికి పొమ్మంటాడు. ఇంకో మాట కూడా ఉంది, నీ దగ్గర దాచేదేంది? పోయినసారి కౌన్సిలర్‌గా నిలబడి కొద్దిలో ఓడాను. ఈసారి గల్లీ ఒక్కటిగా నిలబడితే గెలిచేది నేనే. సగం చేస్తే ఏ వార్డులోనూ మమ్మల్ని అడిగేవాడు ఉండడు.

నువ్వు బొగ్గుగనుల్లో సర్వే పని చేసినవాడివి, పటం చదవడం నీకు వచ్చు. పటమూ, ఇళ్లవారీ జనాభా కాగితమూ జిరాక్స్ తీయించి పెట్టాను. ఇంకెక్కడ గీయాలో చూసి దరఖాస్తు రాసి పంపు. తిట్లు నేను చేరుస్తాను.

ఇట్లు, మండుతున్న మీ బావ
వీరస్వామి


భూపాలపల్లి
మంగళవారం

ప్రియమైన బావకు నమస్కారాలు.

తిట్లు నీ దగ్గరే ఉంచుకో. పటం చూశాను. గీత గీసినవాడి తప్పేమీ లేదు.

అర్థమయ్యేటట్టు చెబుతాను. అన్ని వార్డుల్లోనూ జనం ఇంచుమించు సమానంగా ఉండాలి, పదో వంతు కంటే ఎక్కువ తేడా రాకూడదు. మీ పదిహేడులో జనం ఎక్కువ, పద్దెనిమిదిలో నలభై మంది తక్కువ. ఎక్కడి నుంచో నలభై మందిని తేవాలి. మీ పడమటి వరుసలో సరిగ్గా నలభై ఒక్కమంది కనిపించారు. తీసి అటు కలిపేశారు.

దీనికి నా దగ్గర మందుంది. రైలు పట్టాల అవతల తొమ్మిది ఇళ్లున్నాయి చూడు, అవీ ఇప్పుడు పదిహేడులోనే ఉన్నాయి. అక్కడ నలభై ముగ్గురు. పాపం, ఓటు వేయడానికి వాళ్లు పట్టాలు దాటి రావాలి. వాళ్లను పద్దెనిమిదికి ఇస్తే వాళ్లకూ సుఖం, మీ గల్లీ కూడా చెక్కు చెదరదు. వాళ్ల సంతకాలు తీసుకో.

ఇక నా అనుమానం. పడమటి వరుసలో నలభై ఒక్కమందేనా? మీ అమ్మాయి వర్ష పెళ్లిలో వడ్డించింది నేనే కదా, ఆ వరుసవాళ్లే మూడు బంతులు లేచారు. ఇళ్ల వెనక గదుల్లో కిరాయికుండే మిల్లు పనివాళ్లంతా ఎటు పోయారు? "నలభై మంది కోసం ఇంత లొల్లి ఎందుకు, వాళ్లయినా వీళ్లయినా ఒకటే కదా" అని ఆఫీసులో అడిగితే నీ దగ్గర జవాబు ఉండాలి. కనుక్కుని నిజం రాయి.

అక్కను అడిగినట్టు చెప్పు.

నీ మాట నమ్మని నీ బామ్మర్ది
లక్ష్మణ్


జనగామ
బుధవారం

ప్రియమైన లక్ష్మణ్‌కు,

పట్టాల అవతలివాళ్లు సంతోషంగా సంతకాలు పెట్టారు. ఒకామె నాకు చాయ్ కూడా పోసింది. ఆ ఖుషీలో ఇంటికొచ్చి నీ ఉత్తరం రెండో పేజీ చదివాను. చాయ్ అరిగిపోయింది.

కనుక్కునేది ఏమీ లేదు. ఆ నలభై ఒకటి నేను చెప్పిన లెక్కే.

లెక్కలు రాసే టీచరమ్మ వచ్చిన రోజు ఎండ దంచుతోంది. మా అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాను. ఇంటింటికీ పోతానంది. "ఎందుకమ్మా కష్టం, ఈ గల్లీల నాకు తెల్వని మనిషి లేడు" అని కూర్చున్నచోటే అన్ని ఇళ్లూ చెప్పాను. పడమటి గదుల సంగతి అడిగింది. "వాళ్లు కిరాయోళ్లు. పొద్దున పోతే పొద్దుమీకి వస్తరు. పాలకుర్తోళ్లు, మానుకోట దిక్కోళ్లు, కాళేశ్వరమోళ్లు. వాళ్ల ఊళ్లల్ల రాయించుకున్నరు" అన్నాను. రాయించుకున్నారో లేదో నేను ఎవరినీ అడగలేదు. గల్లీ అంటే ఇళ్లున్నవాళ్లే అని నా లెక్క. టీచరమ్మ తర్వాత రెండుసార్లు వచ్చి చూసింది, తాళాలే ఉన్నాయి. నా మాట నమ్మి పోయింది.

మీ అక్కకు ఇవాళే చెప్పాను. "కాంటా వేసేటోనివి, సగం బస్తాలు పక్కకు వెట్టి తూకమేసినవా?" అంది.

ఇప్పుడు ఏం చేయాలో చెప్పు. ఇంకా ఐదు రోజులుంది. నాకు ఒక్కచోట కాలు నిలవడం లేదు.

నీ బావ
వీరస్వామి


భూపాలపల్లి
గురువారం

ప్రియమైన బావకు,

ఏం చేయాలో నీకు తెలుసు. తెలియనట్టు ఉత్తరం రాస్తున్నావు.

లెక్క ఇప్పుడు మారదు. ఆ గడువు ఎప్పుడో దాటింది. కానీ గీత మారుతుంది. నలభై ఒక్కరే అయితే వాళ్లయినా వీళ్లయినా ఒకటే అంటారు, ఆ గదుల్లో ఇంకా ఎంతమంది ఉన్నారో తెలిస్తే ఆ మాట అనలేరు. వాళ్ల పేర్లు, వాళ్ల సంతకాలు కావాలి. దరఖాస్తు రాసి ఇందులో పెట్టాను. "పడమటి వరుసలో నివసిస్తున్నవారు" అన్నచోట సంఖ్య ఖాళీగా వదిలాను. ఆ ఖాళీ నువ్వు అరుగు దిగితేనే నిండుతుంది.

వాళ్లు తిడితే పడు. నీకు సగమే వినబడుతుంది కాబట్టి సగమే బాధ.

లక్ష్మణ్


జనగామ
శనివారం

ప్రియమైన బామ్మర్దికి,

సగం కాదు, మొత్తం వినబడింది. గంగి గొంతు నువ్వు వినలేదు.

గంగి అంటే మార్కెట్ యార్డులో ధాన్యం ఊడ్చే మనిషి. మానుకోట దిక్కు తండా నుంచి వచ్చింది. కొడుకు, కోడలు సుమనతో పడమటి వరుస చివరి గదిలో ఉంటుంది. నిన్న పొద్దుమీకి అందరూ పని నుంచి వచ్చే వేళకు కాగితాలు పట్టుకుని పోయాను. గంగి నన్ను చూసి చీపురు పక్కన పెట్టింది.

"ఏం పెద్దయ్యా, తొవ్వ తప్పినవా?"

"సంతకాలు కావాలె గంగమ్మా."

"ఎవలయి? మేము ఈడ లేం గద! మా ఊళ్లల్ల ఉన్నం గద!"

ఆమె ఆగలేదు. "టీచరమ్మ నీ అరుగు మీద మజ్జిగ తాగిననాడు నాకు జరమొచ్చి పనికి పోలే. మోరికాడ గిన్నెలు తోముకుంట అన్నీ విన్న. చెవుడు నీకు గని నాకు లేదు."

"మరి గప్పుడే నన్ను ఎందుకు అడగలే?"

"అడిగితే ఇనవడ్తదా నీకు?"

గదుల ముందు నిలబడ్డవాళ్లంతా పకపకా నవ్వారు. చిన్నపిల్లలు కూడా. నిలబడి ఆ మాటలన్నీ పడ్డాను లక్ష్మణ్. తప్పయిందని అన్నాను. జీవితంలో ఆ మాట నీ అక్కతో కూడా అనలేదు.

సుమన ఇంటర్ దాకా చదివింది. "నేను రాస్త తాతా, జల్దీ అయితది" అని పెన్ను తీసింది. గంగి ఆ పెన్ను లాక్కుంది. "నువ్వు ఊకో. ఆయిననే రాయనియ్. గడప గడపకు రానియ్."

నా రాత నీకు తెలుసు. నలభై ఐదో ఏట రాత్రి బడిలో దిద్దిన అక్షరాలు. ఒక్కో పేరుకు నా చేయి ఆగుతోంది. నిన్న సగం, ఇవాళ సగం. ఆ వరుసలో నేను కిరాయికిచ్చిన గదిలో ఎనిమిదేళ్లుగా ఉన్న మనిషి పేరు సంతోష్ అట. ఇన్నాళ్లూ "ఓ మిల్లోడా" అని పిలిచాను. పాలకుర్తి నుంచి వచ్చినవాళ్ల గదిలో పన్నెండు రోజుల పసిపాప. పేరు ఇంకా పెట్టలేదట. "మరి ఏం రాయాలె?" అంటే "నువ్వే ఏదన్న రాయి తాతా" అని తల్లి నవ్వింది. "పాప" అని రాశాను.

నూట ఇరవై రెండు మంది! వేళ్లు వంకర పోయాయి కానీ నాకు పండగలాగుంది. పాత నలభై ఒకటి కలిపి నీ ఖాళీలో నూట అరవై మూడు అని దిద్ది, దరఖాస్తు ఇప్పుడే ఇచ్చి రసీదు తీసుకున్నాను. బుధవారం విచారణ.

నీ బావ
వీరస్వామి


జనగామ
గురువారం

ప్రియమైన లక్ష్మణ్‌కు,

నిన్నటి ముచ్చట. ఇది చదివి నవ్వినా ఏమీ అనుకోను.

హాలు నిండా జనం. మా వంతు వచ్చింది. నీ దరఖాస్తు చదివి అధికారి తల ఊపాడు. అంతలో పోయినసారి నన్ను ఓడించిన జైపాల్ లేచాడు. "సార్, లెక్కల ఉన్నది నలభై ఒక్కలు. మిగిలినోళ్లంత మొన్న పుట్టిండ్రా? ఓట్ల కోసం మనుషులను తయారు జేసిండు ఈ ముసలాయన."

అధికారి నా వైపు చూశాడు. "ఇంతమంది ఉంటే లెక్కల్లోకి ఎందుకు రాలేదండీ?"

టీచరమ్మ మీదకు నెట్టేస్తే ఒక్క నిమిషంలో బయటపడేవాణ్ని. నాలుక చివరి దాకా వచ్చింది. వెనక్కి చూస్తే గంగి కూర్చుని ఉంది, కూలి మానుకుని వచ్చింది.

"నేనే దాచిన సారూ" అన్నాను. "టీచరమ్మ పోతనన్నది, నేనే ఆపిన. కిరాయోళ్లు మా గల్లీ మనుషులు గాదు అనుకున్న. తప్పు నాది. గీత మాత్రం వాళ్ల మీద గీయకుండ్రి."

హాలంతా ఒకటే నవ్వు. జైపాల్ కుర్చీ చప్పుడయ్యేలా నవ్వాడు. "గిసొంటాయనకు ఓట్లేస్తరా?" అని గట్టిగా అన్నాడు. ఇక నేను నిలబడే మాట అయిపోయినట్టే.

అధికారి మాత్రం నవ్వలేదు. "లెక్క మార్చడం నా చేతిలో లేదు. గీత ఉంది. సాయంత్రం వచ్చి చూస్తాను" అన్నాడు. ఆరింటికి వచ్చాడు! నోటుబుక్కు పట్టుకుని నేను ఒక్కో పేరు పిలిచాను. గదిలోంచి ఒక్కొక్కరు "ఉన్నా" అని బయటికి వచ్చారు. "పాప" అని పిలిస్తే తల్లి ఎత్తి చూపించింది. అధికారి అన్నీ టిక్కు పెట్టుకుని ఏమీ చెప్పకుండా పోయాడు.

పది రోజుల్లో తుది జాబితా అట. నాకు అన్నం సహించడం లేదు.

వీరస్వామి


భూపాలపల్లి
శుక్రవారం

ప్రియమైన బావకు,

నవ్వలేదు. మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. మా ఆవిడ రెండోసారి చదివించుకుంది.

జాబితా రాగానే రాయి. అన్నం తిను.

నీ బామ్మర్ది
లక్ష్మణ్


జనగామ
శనివారం

ప్రియమైన లక్ష్మణ్‌కు,

గెలిచాం! వారం పైన ఎదురుచూశాక తుది జాబితా గోడకు పడింది. దూదిమిల్లు గల్లీ, రెండు వరుసలూ, మోరీ, మొత్తం పదిహేడులోనే. పట్టాల అవతలి తొమ్మిది ఇళ్లు పద్దెనిమిదికి పోయాయి. నేను కూడబలుక్కుని చదివేలోపే వెనక నుంచి సుమన గడగడా చదివేసింది. గంగి యార్డు నుంచి చీపురుతోనే పరుగెత్తి వచ్చింది. మీ అక్క గల్లీ అంతా బెల్లం పంచింది.

అసలు ముచ్చట ఆ తర్వాత జరిగింది. అందరూ మా అరుగు మీద కూర్చున్నారు. సంతోషంలో నేనే అన్నాను, "నేనైతే ఇగ నిలవడ. మొన్న హాలుల నా పరువు పోయింది, నాకెవలు వేస్తరు?"

గంగి నా ముఖంలోకి చూసింది. "పెద్దయ్యా, ఒక మాట అడుగుత. పోయినసారి మా వరుసల అరవై ఓట్లుండె. అడగ వచ్చినవా?"

"మీ ఓట్లు మీ ఊళ్లల్ల ఉంటయి అనుకున్న."

"జైపాల్ గట్ల అనుకోలే. వచ్చిండు, అడిగిండు, వేసినం. గంతే."

లక్ష్మణ్, పోయినసారి కొద్దిలో ఓడానని ఐదేళ్లుగా అందరినీ తిడుతున్నాను. నన్ను ఓడించింది జైపాల్ కాదు. మోరి దాటి నాలుగు అడుగులు వేయని నా కాళ్లు.

"గిప్పుడు అడిగితే వేస్తరా?" అన్నాను.

"అడిగి చూడు. గని సుమన కూడ నిలవడ్తనంటున్నది. గల్లీకి ఒక్కలే ఉండాలె, ఇద్దరు నిలవడితే జైపాల్ ఇంట్ల పండుగే. రేపు ఆదివారం రెండు వరుసలోళ్లం కూసుంటం. చేతులు లేపుతం. ఎవలకు ఎక్కువ లేస్తే వాళ్లే."

మీ అక్క నాకు ఓటు వేస్తుందని అనుకున్నాను. "సుమన మంచిగ మాట్లాడ్తది" అని లోపలికి పోయింది.

కోపం రావాలి కదా? రాలేదు. ఇప్పుడే చెప్పులేసుకున్నాను, ఈ ఉత్తరం కృష్ణ చేతికిచ్చి ఓట్లు అడగడానికి పడమటి వరుసకు పోతున్నాను. సుమన ఆ చివర నుంచి మొదలుపెట్టింది, నేను ఈ చివర నుంచి. ఇక్కడి నుంచే కనిపిస్తోంది, అప్పుడే మూడో గడప ఎక్కింది. వడివడిగా నడుస్తోంది పిల్ల. నేనూ పోవాలి, ఇక ఉంటాను.

ఇట్లు
పదిహేడో వార్డు నివాసి, నీ బావ
వీరస్వామి