చలి చూడడానికొచ్చినాయన

కాన్‌బెర్రా, జూలై 2000

కస్తూరి వదినకు వందనాలు.

మేం అద్దెకున్న ఇల్లు ఓనరు అమ్ముతున్నాడు. ఇక్కడ ఇల్లు అమ్మాలంటే, అది చలిని ఎంత ఆపుతుందో చూపించి స్టార్లు వేయించాలట. గవర్నమెంటు మనిషొచ్చి అటకతో సహా చూస్తాడని నేనే అన్నాను. వై2కే కంప్యూటర్ పని అయిపోయి, వీసా లేక మా ఇంట్లో దాక్కున్న మీ మరిది బెన్‌హర్ ఆ మాటకే హడలిపోయి, నిన్న పొద్దున ఎటో వెళ్లిపోయాడు.

తీరా వచ్చినాయన గవర్నమెంటు మనిషే కాదు. ఇంట్లో ఎవరుంటారనైనా అడగలేదు. కిటికీలూ తలుపుల కింద సందులూ చూసి, "కోల్డ్ హౌస్, లవ్. వన్ స్టార్" అని జాలిపడి వెళ్లాడు. లవ్ అంటే ఇక్కడ మన 'అమ్మా' లాంటి పిలుపే.

ఇక్కడ జూలై అంటే నడి చలికాలం, రాత్రి పెరట్లో గడ్డి మీదంతా మంచు పేరుకుంది. వాడి స్వెట్టరు కుర్చీ మీదే ఉంది. పోలీసులకు చెప్పలేను. వాడు సిడ్నీలో మీ గిరావీన్ ఇంటికి వస్తే ఏమీ అడక్కండి వదినా, ముందు తలుపు తీయండి.

మీ ఆడపడుచు