నా వంతు బంతి

అత్తయ్యగారికి,

మీ కోడలి నమస్కారాలు. ఇక్కడ నేను బాగానే ఉన్నాను, దుకాణం కూడా బాగానే నడుస్తోంది. అక్కడ మీరూ, వదినా, అన్నయ్యగారూ కులాసాగా ఉన్నారని అనుకుంటాను. ఫోను చేద్దామంటే మీకు వినపడదు, మీకు వినపడేలా మాట్లాడితే మా వీధి మొత్తానికి వినపడుతుంది. మనిద్దరికీ ఉత్తరమే మేలు.

తింటున్నావా అని అడిగారు. తింటున్నాను. ఏం తిన్నావని అడిగితే మాత్రం జ్ఞాపకం తెచ్చుకుని చెప్పాలి. మీ మోకాలికి వదిన కొన్న పట్టీ బిగుతుగా ఉందని రాశారు. పడుకునేముందు తీసెయ్యండి. కూతురు కొన్నది కదా అని మీరు తియ్యరు, నాకు తెలుసు. అదే నేను కొన్నదైతే ఈపాటికి అటక మీద ఉండేది. కోపం తెచ్చుకోకండి, మిమ్మల్ని అనకపోతే ఇంకెవరిని అంటాను?

దుకాణం సంగతులు ఏమున్నాయి, ఎప్పటిలాగే కోట్లూ, పరదాలూ, పెళ్ళి బట్టల మీద మరకలూ. ఆవిరి ఇస్త్రీ మెషినుకి గొట్టం మార్పించాను. కొత్త క్లినిక్ వాళ్ళు పరదాలు ఉతకడానికి వేస్తామని వచ్చారు, ఒప్పుకున్నాను. ఆ నాలుగంతస్తుల హోటల్ వాళ్ళవి మాత్రం ఇంక ఉతకనని చెప్పేశాను. మీ అబ్బాయి వాళ్ళ పరదాలు భుజాన వేసుకుని ఎక్కుతూనే కదా ఆ మెట్ల మీద కూలిపోయారు. హోటల్ మేనేజరు పాపం రెండుసార్లు వచ్చి బతిమాలాడు. అతని తప్పేమీ లేదు. అయినా ఆ పరదాలు నా చేత ఉతికించుకోలేడు.

నేను ఏడవలేదని వదిన మీతో చెప్పిందట. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు కదా. గోరంత దాన్ని కొండంత చెయ్యడం ఆవిడకి అలవాటే కానీ, ఈసారి ఉన్నదే చెప్పింది. మీ అబ్బాయి పోయినప్పుడు వానాకాలం మొదలు, ఇప్పుడు చలికి స్వెట్టర్లు ఉతకడానికి వస్తున్నాయి. ఇన్నాళ్ళలో నాకు కన్నీరు రాలేదు. పంటి డాక్టరు మత్తుసూది వేశాక పెదవి మనదో పక్కవాళ్ళదో తెలియదు చూడండి, అలా ఉంటున్నాను. మీరు నన్ను పట్టుకుని ఏడ్చిన రోజున కూడా, మీ జడపిన్ను నా భుజానికి గుచ్చుకుంటోందన్న ధ్యాసే తప్ప ఇంకేమీ లేదు. మీకు కష్టంగా ఉంటుందని ఇన్నాళ్ళూ రాయలేదు.

ఇక పెట్టె సంగతి. రెండు ఉత్తరాలుగా మీరు అడుగుతున్నారు, నేను "చూద్దాం" అని దాటేస్తున్నాను. వదిన అమ్మేయమంటుంది. మీరేమో "వాడి చెయ్యి పడ్డ వస్తువు, వాడు పోయినా అది నడుస్తూ ఉండాలి, బాగుచేయించు" అన్నారు. ఇద్దరి మాటా సబబే. వింటుంటే నాకు మాత్రం రెండూ ఒకటిగానే ఉన్నాయి.

మీరు దాన్ని చూసి చాలా ఏళ్ళయింది. క్లబ్బు మూసేస్తుంటే మీ అబ్బాయి, ఇనప బంతి కిందికి జారిపోకుండా కొడుతూ ఆడే ఆ పిన్‌బాల్ మెషిను కొని, బట్టలు వేసే వ్యానులో పడుకోబెట్టి తెచ్చారు. మీరు చూసి "గాజు మూత వేసిన మంచంలా ఉందిరా, దీని మీద ఎవరు పడుకోవాలి" అన్నారు. ఆ వెనక గదిలోనే, ఉతికిన కోట్లు వేలాడే కమ్మీల మధ్య, ఇప్పటికీ ఉంది. అడుగున బంతి దొర్లీ దొర్లీ రంగు పోయింది, రెక్కల దగ్గర చెక్క తేలింది. బంతిని కొట్టే ఆ రెండు రెక్కల్లో ఎడమది బద్ధకంగా లేస్తుంది. రబ్బర్లు గట్టిపడ్డాయి. ఒక కాలు తుప్పుపట్టి, దాని కింద మడిచిన అట్టముక్క పెట్టాం. ఎదుటి అద్దం మీద ఊయల పట్టుకుని వేలాడే సర్కస్ అమ్మాయి ఉంటుంది కదా, ఆమె మొహం వెనక బల్బు మాడిపోయింది. కాళ్ళు మాత్రం వెలుగుతున్నాయి.

మూలమీది సెలూన్ ఆయన కొంటానంటున్నాడు. గెడ్డం గీయించుకోవడానికి వచ్చినవాళ్ళు కూర్చుని విసుక్కోకుండా ఆడుకుంటారట. అతని పెళ్ళాం కూడా వచ్చి చూసింది. "ఇది పెడితే జనం ఆడుకుంటూనే ఉంటారు, కుర్చీలో ఎవరు కూర్చుంటారు?" అని అతన్ని నిలదీసింది. బేరం నాతో మొదలుపెట్టి వాళ్ళలో వాళ్ళు పోట్లాడుకుంటూ వెళ్ళిపోయారు. ఇంకొకాయన పాత మెషిన్ల మెకానిక్కు, ప్రతి మాటకీ ముందు ఒకసారి దగ్గుతాడు. ఆయన అమ్మొద్దంటాడు. "ఇలాంటివి ఇప్పుడు ఎక్కడున్నాయమ్మా, అన్నీ విప్పి, కడిగి, రంగు దిద్ది ఇస్తాను, కొత్త పెళ్ళికూతురు" అన్నాడు. ఏం చేసినా ముందు కరెంటు తియ్యాలి కదా. చిక్కంతా అక్కడే ఉంది అత్తయ్యా. ఇంత పొడుగున రాస్తున్నది అది రాయడానికి చెయ్యి రాకే.

మీ అబ్బాయి పోయిన రోజు నుంచీ నేను ఆ పెట్టె ఆపలేదు. ఆ మధ్య అన్నయ్యగారు వచ్చినప్పుడు వెనక గదిలో దీపాలెందుకని అడిగితే, బొద్దింకలకని చెప్పాను. ఆయన నమ్మారు.

ఆ పొద్దున మేమిద్దరం ఆడుతున్నాం. బట్టలు ఉడికేలోపు ఒక ఆట ఆడటం మాకు అలవాటు. మనిషికి ఐదు బంతులు, ఒకరి తర్వాత ఒకరు. ఎవరికెన్ని వచ్చాయో చూపే అంకెల చక్రాల్లో ఎడమవైపువి ఆయనవి, కుడివైపువి నావి. ఆటకన్నా పోట్లాటే ఎక్కువ. నేను మెషిను ఊపి గెలుస్తానని ఆయన ఫిర్యాదు. తను ఊపితే మాత్రం అది ఒళ్ళు విరుచుకోవడమట. మీ అబ్బాయి పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళని మీకు నేను చెప్పాలా? ఆ రోజు ఆయన తన ఐదో బంతి ఆడేశారు. నాది మిగిలింది. అంతలో హోటల్ నుంచి ఫోను, పరదాలు వెంటనే కావాలని. ఆయన పరదాల మూట ఎత్తుకుంటూ, "నేను వచ్చేదాకా ముట్టుకోకు. నువ్వు ఒక్కదానివీ ఆడితే ఆ లెక్క నేను ఒప్పుకోను" అన్నారు. "మీరు ఒప్పుకుంటే ఎంత, ఒప్పుకోకపోతే ఎంత" అన్నాను. నేను అన్న ఆఖరి మాట అది.

ఆసుపత్రి నుంచి వచ్చేసరికి పెట్టె వెలుగుతూనే ఉంది. అద్దం మీద నా వంతు దీపం, బంతి కుడిపక్క గాడిలో సిద్ధంగా ఉంది. కరెంటు తీస్తే ఆట పోతుంది, ఈ పాత మెషిన్లు అంతే. మా వీధిది ఆసుపత్రి లైను కాబట్టి కరెంటు పోవడమంటూ లేదు. ముట్టుకోవద్దన్నారు కాబట్టి ముట్టుకోలేదు. గాలివాన వచ్చి దీపాలు రెపరెపలాడిన రోజున వెళ్ళి పెట్టె మీద చెయ్యి వేసి నించున్నాను, నేను పట్టుకుంటే కరెంటు ఆగుతుందన్నట్టు. నవ్వుకోండి. దాని పక్కనే నించుని నెలల తరబడి ఇస్త్రీ చేశాను. ఆట అవ్వలేదు కాబట్టి మనిషి రావాలి. మనసులో ఇంత స్పష్టంగా అనుకోలేదు కానీ, నడుచుకున్నది అలాగే.

నిన్న మెకానిక్కు మళ్ళీ వచ్చి గాజు ఎత్తాడు. ఎత్తగానే దగ్గడం మర్చిపోయాడు. "అమ్మా, ఇది ఎన్నాళ్ళుగా ఆన్‌లో ఉంది?" అన్నాడు. ఆటని పట్టి ఉంచే కాయిల్, అంటే తీగచుట్ట, ఒకటి ఉంటుందట లోపల, కరెంటు ఉన్నంతసేపూ అది కాగుతూనే ఉంటుందట. దాని చుట్టూ ఉన్న కాగితం నల్లగా మాడింది, కింద చెక్క కూడా కమిలింది. నాకు కమురు వాసన రావడం లేదా అని అడిగాడు. ఆవిరి, ఇస్త్రీ, రసాయనాలు, వీటి మధ్య ఉన్న ముక్కు నాది, ఏం చెప్పను? అతను చుట్టూ వేలాడుతున్న బట్టలు చూశాడు. "ఊళ్ళోవాళ్ళ కోట్లన్నీ ఇక్కడే ఉన్నాయి. పైన మీరు పడుకుంటారు. మీరు తియ్యకపోతే నేనే తీసేసి వెళ్తాను" అన్నాడు. నేను అడ్డం నించున్నాను. ముసలాయన మీద కేక కూడా వేశాను. తర్వాత, "రేపు రండి, నేనే తీస్తాను" అన్నాను. ఆయన వెళ్ళకుండా చాలాసేపు గుమ్మంలో కూర్చుని, ఒక బకెట్టులో నీళ్ళూ ఇంకో బకెట్టులో ఇసుకా పక్కన పెట్టించి గానీ కదల్లేదు.

ఇవాళ పొద్దున షట్టరు ఎత్తకముందే వెనక గదిలోకి వెళ్ళాను. మీ అబ్బాయి అంకె నాకన్నా కొంచెమే ఎక్కువ ఉంది. బంతి పైనున్న ఎర్ర గుండీకి ఒక్కసారి తగిలితే నాదే గెలుపు. బంతిని ఎగరేసే పిడి లాగి వదిలాను. బంతి పైకి పోయి అటూ ఇటూ తగిలి, గంటలు కొట్టుకుంటూ కిందికి వచ్చింది. కుడి రెక్క ఎత్తి ఆపాను. రెక్కని ఎత్తే బొత్తం నొక్కి పట్టుకున్నంతసేపు బంతి రెక్క మూలన అలా కూర్చుంటుంది. వదిలితే జారుతుంది, జారేటప్పుడు సరిగ్గా చూసి కొడితే ఎర్ర గుండీకి వెళుతుంది. నేను వదల్లేదు. పట్టుకుని నించున్నాను. ఎంతసేపో చెప్పలేను. ముందు వేలు నొప్పి పుట్టింది, తర్వాత ఆ నొప్పి కూడా పోయింది. బయట లాయరుగారు షట్టరు బాదుతున్నారు, "అమ్మా, కోర్టుకి టైమైపోతోంది, నా కోటమ్మా" అని. "వస్తున్నానండీ" అని అరిచాను, కదల్లేదు. ఆయన బాదుతూనే ఉన్నారు.

వదిలాను. బంతి జారింది. కొడదామనే అనుకున్నాను అత్తయ్యా, కావాలని ఓడిపోయాననుకోకండి. వేలు మొద్దుబారిపోయి ఆలస్యంగా నొక్కింది. బంతి రెండు రెక్కల మధ్యనుంచి లోపలికి పోయింది. నా వంతు దీపం ఆరి, ఆట ముగిసిందన్న దీపం వెలిగింది. గోడ దగ్గరికి వెళ్ళి స్విచ్చి తీసేశాను. ఆ పెట్టె ఇన్నాళ్ళూ జుమ్మని మోగుతోందని, అది ఆగాకే తెలిసింది.

వెళ్ళి షట్టరు ఎత్తి లాయరుగారికి కోటు ఇచ్చాను. ఆయన విసుగ్గా ఏదో అనబోయి నా మొహం చూసి, "ఏమైందమ్మా?" అన్నారు.

"మా ఆయన పోయారండీ" అన్నాను.

ఆయనకి తెలియని సంగతా? అంత్యక్రియలకి నల్లకోటుతోనే వచ్చి చివరిదాకా నించున్న మనిషి. అయినా ఆ మాట అనలేదు. "అయ్యో తల్లీ" అని, కోటు కౌంటరు మీద పెట్టేసి, స్టూలు లాక్కుని కూర్చున్నారు. కోర్టు సంగతి మళ్ళీ ఎత్తలేదు. నేను అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను. ముక్కు చీదుకోవడానికి చేతికందిన గుడ్డ ఎవరిదో మంచి సిల్కు కండువా, దాన్ని మళ్ళీ ఉతకాలి.

పెట్టె సెలూన్ ఆయనకి ఇచ్చేస్తున్నాను అత్తయ్యా. బాగుచేయించమన్నారు మీరు. ఇవాళ వచ్చిన మెకానిక్కు రేపు అక్కడే విప్పి బాగుచేస్తానన్నాడు కాబట్టి అది నడుస్తుంది, కానీ మన ఇంట్లో కాదు. నేను దాని మీద ఇంకొకరితో ఆడలేను. ఆడకుండా పక్కన నించోవడం ఎలా ఉంటుందో చూశాను, అదీ నావల్ల కాదు. మీకు బాధగా ఉంటుంది. కోపమొస్తే తిట్టి రాయండి, చదువుతాను. లేదా మీరే రండి, నాతో కొన్నాళ్ళు ఉండండి. ఏడవడం నాకు కొత్త, ఒక్కదాన్నే ఉంటే భయంగా ఉంది. ఈసారి జడపిన్ను తీసేసి పట్టుకోండి.

అంకెల చక్రాలు అలాగే వదిలేశాను, రేపు మెకానిక్కు సున్నాకి తిప్పుతాడు. మీరు తల్లి కాబట్టి ఇది మీకు తెలియాలి. ఆ ఆట మీ అబ్బాయే గెలిచారు. లెక్క నేను ఒప్పుకున్నాను.

ఇట్లు,
మీ రాక కోసం చూసే
మీ కోడలు