మామ గుంటలకు చేరని రొయ్య పిల్ల

వాకాడు,
శనివారం.

అమ్మకు,

నీ చిన్నకూతురు ఏంజెలిన్ వందనాలు. ప్రభువు కాపుదలలో నేను బాగానే ఉన్నాను. మాథ్యూ మామ, కరుణాకుమారి అత్త కూడా ఒంట్లో కులాసాగానే ఉన్నారు. భిలాయిలో చలి ముదిరిందని రాశావు. అక్క ఎంత చెప్పినా వినకుండా తెల్లవారుజామునే చన్నీళ్లతో స్నానం చేస్తున్నావట, మానెయ్. ఫోన్లో నా మాట నీకు వినిపించక ఇద్దరం విసుక్కునేకంటే ఇలా రాసుకోవడమే నయం.

"వైరస్ అంటే మీ నాయన గుంటల్ని నాశనం చేసిన తెల్లమచ్చే గదా, దాన్ని నువ్వే తెచ్చి హేచరీ తొట్లలో పోస్తా ఉండావా?" అని కోప్పడ్డావు. ఇది అది కాదమ్మా. తెల్లమచ్చ రొయ్యను పట్టే వైరస్. నేను పోసేది బ్యాక్టీరియాను మాత్రమే పట్టే వైరస్. ఫేజ్ అంటాం. రొయ్య పిల్లల్ని చంపే విబ్రియో అనే బ్యాక్టీరియా మీద అది వాలుతుంది, తన జన్యువును లోపలికి దించుతుంది, అక్కడే పిల్లల్ని పెట్టి దాన్ని పగలగొట్టుకుని బయటికొస్తుంది. రొయ్య జోలికి, మనిషి జోలికి రాదు. నిషేధించిన మందులు వాడకుండా, గుంటలకు అమ్మే పిల్లను హేచరీలో బతికించుకోవడానికి మాకున్న దారి అదే.

బ్యాక్టీరియాకు జ్ఞాపకం ఉంటుందని నేను రాస్తే, "కంటికి కనపడని దానికి జ్ఞాపకమేంది?" అనీ అడిగావు. మొదట్లో నాకూ నమ్మబుద్ధి కాలేదు. వైరస్ మీద పడినప్పుడు చాలా బ్యాక్టీరియాలు చచ్చిపోతాయి. ఎక్కడో ఒకటి బతికి బయటపడుతుంది. అది వైరస్ జన్యువులోంచి చిన్న ముక్క తెంచి తన జన్యువులోనే దాచుకుంటుంది. దానికి పుట్టినవాటికీ ఆ ముక్క వస్తుంది. అదే వైరస్ మళ్లీ వస్తే ఆ ముక్కతో పోల్చి గుర్తుపట్టి నరికేస్తాయి. అన్నీ ఇలాగే చెయ్యవు. కొన్ని వైరస్ వాలే చోటునే మార్చేసుకుంటాయి. ఇంకొన్ని, వైరస్ తమలో పెరగకముందే తామే చచ్చిపోతాయి. పక్కనున్నవి బతకాలని అనుకుంటాయో లేదో నేను చెప్పలేను గాని, పక్కనున్నవి బతుకుతాయి.

ఇక మామ సంగతి. "ఆ కిషోర్ బాబు నా తమ్ముడి నోట్లో మన్ను కొట్టినాడు, అట్టాంటోడి కింద నువ్వు పని చెయ్యొద్దు" అని రాశావు. ఆ మాట చదివాక నాకు అన్నం సహించలేదు. మామకు రావలసిన రొయ్య పిల్లను ఆపింది మా ఓనరు కిషోర్ బాబు గారు కాదమ్మా. నేను.

ఆ రోజు మామ కోసం పిల్లను ఆక్సిజన్ సంచుల్లో కట్టి వ్యానుకెక్కిస్తున్నారు. ల్యాబులో నేను చివరి పరీక్ష చూస్తున్నాను. విబ్రియో పెరిగిన గాజు పళ్లెంలో ఫేజ్ చుక్క వేస్తే, అది చంపిన చోట మబ్బు విడిపోయినట్టు తేటగా కనిపించాలి. ఎక్కడా తేట లేదు. ఇంకో పళ్లెం చూశాను. అదీ అంతే. మా తొట్లలోని విబ్రియో మా ఫేజ్‌ను తట్టుకోవడం నేర్చేసుకుంది.

బయటికి పరుగెత్తి సంచులు దించమన్నాను. కిషోర్ బాబు గారు నిర్ఘాంతపోయారు.

"పిల్ల చలాకీగా ఈదతా ఉంది గదమ్మా!"

"ఇప్పటికి ఉంది సార్. గుంటలో ఏమవుతుందో చెప్పలేను."

"చస్తుందని గ్యారంటీనా?"

"కాదు సార్. బతకనూ వచ్చు. కానీ మా మామ గుంట నీళ్లు పోయే కాలువ నుంచే పక్క గుంటల చెంచయ్య గారు, హజరత్తయ్య గారు నీళ్లు తోడుకుంటారు. ఇది అక్కడికి పోతే మన చేతిలో ఉండదు."

ఆయన ఒక సంచి పైకెత్తి లోపలి పిల్లను చూశారు. తర్వాత సంచులు దింపించి, ఆ విబ్రియో బయటికి పోకుండా తొట్లన్నిటిలో క్లోరిన్ పోయించారు. పిల్ల అంతా తెల్లబడి అడుగుకు చేరింది. నేను చూడలేక గోడవైపు తిరిగాను. అప్పుడాయన, "మేనకోడలే ఆపిందంటే మీ మామ తట్టుకోలేడు. నా పేరు చెప్తాను, నువ్వు నోరెత్తొద్దు" అన్నారు. తానే మామ ఇంటికి వెళ్లారు. మామ ఆయన్ని గుమ్మంలోంచే అనరాని మాటలు అని పంపించేశాడట. మిగతా హేచరీల్లో అప్పటికే పిల్ల అయిపోయింది. సీజను పోయింది. గుంటలు ఎండబెట్టి మామ ఇప్పుడు కంపెనీ బస్సెక్కి కృష్ణపట్నం పోర్టుకు పనికి పోతున్నాడు. నీకు చెప్పొద్దన్నాడు.

నీ ఉత్తరం అందాక, మొన్న ఆదివారం గుడిలో ఆరాధన అయిపోగానే మామ ఇంటికి వెళ్లి అంతా చెప్పేశాను. అత్త వంటింట్లోకి వెళ్లిపోయింది. మామ నా ముఖం చూడలేదు.

"బతికేదేమో గూడా తెలీకుండా ఆపినావా?"

"అవును మామా."

"ఇంటోడి నోటికాడి కూడు గదే పాపా."

 చెన్నై ల్యాబులో మా విబ్రియో జన్యువు చదివితే అందులో మా ఫేజ్ ముక్క దొరికిందని చెప్పాను. అదే బ్యాక్టీరియా ఆ కాలువలో పడి ఉంటే అందరి గుంటలకూ పాకేదేమోనని చెప్పాను. విన్నాడో లేదో. లేచి చొక్కా తొడుక్కున్నాడు.

"బండెక్కు. ఆయన కాడికి పోవాల."

హేచరీలో తొట్లు ఎండలో ఆరుతున్నాయి. కిషోర్ బాబు గారు ఒక తొట్టిలో దిగి గోడలు రుద్దుతున్నారు. పనివాళ్లను చాలామందిని పంపించేశారు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డారు.

"కిషోరూ, ఆ రోజు నా గుమ్మంలో నేనన్న మాటలు..." అని మామ ఆగిపోయాడు. 

"ఎండలో నిలబడ్డావేంది మాథ్యూ? లోపలికి రా" అన్నారాయన.

తొట్లలో మళ్లీ ఎప్పుడు నీళ్లు పెడతామో తెలియదు. ఆ విబ్రియో ఎరగని కొత్త ఫేజ్ కోసం కాలువ నీళ్లు తెచ్చి వెతుకుతున్నాను. దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. దొరికినా దాన్నీ ఒకరోజు అది గుర్తుపట్టేస్తుంది. అప్పుడు మళ్లీ వెతకాలి.

నామీద నీకు కోపం వస్తే అణచుకోకుండా రాయి. నీ ప్రార్థనలో కిషోర్ బాబు గారి పేరు ఇన్నాళ్లూ ఎలా పలికావో నాకు తెలియదు. ఈ రాత్రి నుంచి మాత్రం మార్చి పలుకు.

ఇట్లు,
నీ మాట కోసం ఎదురుచూసే
చిన్నకూతురు ఏంజెలిన్.