దెగ్లూర్ కారు, నాందేడ్ తాళంచెవి

నాందేడ్, సోమవారం

పూజ్యులైన అంబాదాస్ మామయ్యకు మేనల్లుడు అభయ్ సవినయంగా వ్రాయునది.

మీ కొత్త కారుకు ప్రాణగండం ఉంది. కూర్చుని చదవండి. తాళంచెవి జేబులో ఉంటే చాలు, చెయ్యి తగలగానే తలుపు తెరుచుకుంటుందని ఊరంతా చెప్పుకున్నారు కదా? దొంగలూ విన్నారు. ఒకడు మిషన్ పట్టుకుని మీ గోడ పక్కన నిలబడతాడు. ఇంట్లో ఉన్న తాళంచెవి సిగ్నల్‌ను అది పట్టి, కారు దగ్గరున్న రెండోవాడికి అందిస్తుంది. యజమాని వచ్చాడనుకుని కారు తలుపు తీస్తుంది. మీరేమో తాళంచెవిని గుమ్మం పక్క మేకుకే తగిలిస్తారు! బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలో దాచండి. ఆ డబ్బాతో కారు దగ్గరికి వెళ్లండి. తలుపు తెరుచుకోకపోతే అది మంచి డబ్బా.

విధేయుడు,
అభయ్

తా.క.: ఇక్కడ ఇట్లాగే మా ప్రొఫెసర్ కారు పోయింది. ఆయన చెప్పే సబ్జెక్టు సెక్యూరిటీ. ఇంటర్నల్ మార్కులు ఇంకా వెయ్యలేదు కాబట్టి క్లాసులో ఎవరమూ నవ్వలేదు.

---

దెగ్లూర్, బుధవారం

చిరంజీవి అభయ్‌కు మామ దీవెనలు.

ఫోన్ల చెప్దామంటే అది గూడ గాలిల పోయేదేనాయె. అందుకే బస్సు కండక్టర్ రామకిషన్ చేతికి ఉత్తరం ఇస్తున్న. తాళంచెవి పప్పు డబ్బాల పెట్టిన, కారు తెరుచుకున్నది. చక్కెర డబ్బాల పెట్టిన, తెరుచుకున్నది. మీ అత్త ఉమాబాయి "డబ్బాలన్ని తీస్కపోయి కారుకు నైవేద్యం పెడుతున్నవా ఏంది?" అని కొట్లాటకచ్చింది. దుకాణంల పదేండ్లు కూసుంటె అచ్చిన కారు, పోతె నేను తట్టుకోను. గోడ అవతలికి పోయే సిగ్నల్ నాందేడ్ కెల్లి రాదు గద? అందుకే డబ్బా నీకే పంపుతున్న. తాళంచెవి అండ్లనే ఉన్నది. పైలం.

నీ మామ

తా.క.: పైన లడ్డూలున్నయి. చూసి కొరుకు.

---

నాందేడ్, గురువారం

మామయ్యకు నమస్కారాలు.

లడ్డూలు స్వర్గస్థమయ్యాయి, తాళంచెవి క్షేమం. ఇక దొంగ మీ కారు తియ్యలేడు. మీరూ తియ్యలేరు! ఆదివారం అత్తమ్మను మాహూర్ అమ్మవారి దగ్గరికి తీసుకెళ్తానన్నారు కదా, కారు తోసుకుంటూ వెళ్తారా? తిప్పి పంపమంటారా?

అభయ్

తా.క.: "మామ కారిచ్చిండా?" అని మా రూమ్మేట్ సంకేత్ అడిగాడు. "కొంత ఇచ్చిండు" అన్నాను.

---

దెగ్లూర్, శుక్రవారం

అల్లుడా,

పంపకు. పొద్దుగాల మీ అత్త పూలదండ వెయ్యనీకి కారు తలుపు గుంజితె తెరుచుకున్నది! దొంగలు పడ్డరని ఒర్లిన. పక్కింటి మారోతి కట్టె పట్టుకొని ఉరికచ్చిండు. మీ అత్త నిమ్మళంగ సీటు కింద చెయ్యి పెట్టి ఎర్రబట్ట మూట తీసింది. అండ్ల కుంకుమ, రెండో తాళంచెవి! "కొన్ననాడే అమ్మవారి పేరు మీద కట్టిపెట్టిన. ఆమె కన్న మంచిగ ఎవరు కాస్తరు?" అన్నది. లోపట తాళంచెవి ఉంటె ఈ కారుకు తాళమే పడదట. అంటే కొన్నకాడికెల్లి తెరిచే ఉన్నది! డబ్బాల తప్పేం లేదు. దిగినప్పుడల్ల కారు టీం టీం అని మొత్తుకుంటె, పోయి రా అంటున్నదనుకున్న.

ఆ మూట మాహూర్‌ల అమ్మకు చెప్పినంకనే కారులకెల్లి బయటికి తియ్యాల్నట. అందాక నేను కారులకెల్లి దిగ. ఈ ఉత్తరం స్టీరింగ్ మీద పెట్టి రాస్తున్న.

నీ మామ

తా.క.: ఇన్నొద్దులు ఏ దొంగ గూడ ఒక్కసారి తలుపు గుంజి చూడలే. అందరు నీ లెక్కనే సదువుకున్నోళ్లు ఉన్నట్టున్నరు.