చీర మీద ఆగిన చెయ్యి

వెంకటమ్మక్కా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. గద్వాల చీరల దుకాణంలో నీ చోట ఇప్పుడు నేనే కూర్చుని చీరలు చూపిస్తున్నాను. "కొనెటోళ్ల మొగం గాదు, చెయ్యి సూడు. ఏ చీర మీద ఆగుతదో గదే నచ్చినట్టు. ఇంక దానికన్న ఎక్కువ పైసల పిరం చీరలు ఇప్పి పరేషాన్ చెయ్యకు" అని నువ్వే నేర్పావు.

మొన్న పట్నం నుంచి ఒకాయన వచ్చి మాకు బాడీ లాంగ్వేజ్ నేర్పాడు. ఆయనా చెయ్యినే చూడమన్నాడు. కానీ చెయ్యి ఆగితే ఇక ధర తగ్గించొద్దట, నవ్వుతూ ఉండాలట. వింటుంటేనే రోత పుట్టింది.

ఇవాళ గట్టు అనే ఊరి నుంచి ఒక తల్లి, బిడ్డ పెళ్లికీ తనకూ చీరలు కొనడానికి వచ్చింది. ఆమె చెయ్యి ఒక ఎర్రంచు చీర మీద ఆగింది. దుకాణం సేటు అది చూసి నాకు కనుసైగ చేశాడు.

"జర తగ్గియ్యరాదక్కా" అని ఆమె బతిమాలింది. ఎప్పుడూ తగ్గించి ఇచ్చే చీరే. కానీ ఈ పని పోతే నాకు వేరే ఆధారం లేదు. "రాదమ్మా" అని నవ్వాను. తన చీర మానుకుని, బిడ్డకు అదొక్కటే తీసుకుంది.

పోతూ నా చేతులు పట్టుకుంది. "నీ నవ్వుమొగం సల్లగుండ. గింత మంచిగ ఎవ్వరు మాట్లాడరక్కా" అంది.

ఇంటికొచ్చి తలస్నానం చేశాను. అయినా దేవుడి ముందుకు పోబుద్ధి కాలేదు.