గోడ అవతలి గొంతులు

బెడోక్, సింగపూర్,
20 ఆగస్టు 1999.

పూజ్యులైన కృష్ణయ్య బావగారికి,

బసవయ్య నమస్కారాలు. అక్కయ్యకూ చెప్పండి. తోలుబొమ్మలాటకు పిలిచేవాళ్లు తగ్గారని రాశారు. చదివి బాధపడ్డాను. ఒంట్లో నాకు బాగానే ఉంది. మనసే నెమ్మదిగా లేదు.

అమ్మాయి నిఖిల పొద్దున్నే ఆఫీసుకు పోతుంది. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోతాయట, ఆగకుండా చూడటం దాని పని. పగలంతా ఫ్లాట్‌లో నేనొక్కడినే. పక్క ఫ్లాట్‌లో గెర్లిండ్ అని ఒక జర్మనీ ముసలావిడ. కవిత్వం రాస్తుందట. ఆవిడ కూతురు ఇక్కడ టీచరు, ఇద్దరూ కలిసే ఉంటారు.

బావా, ఆ ఇంట్లో ఎవరినో దాచారు. మధ్యాహ్నమైతే ఒక మగగొంతు గద్దిస్తుంది. ఒక ఆడపిల్ల బతిమాలుతుంది. తలుపు ఓరగా తీసి కాపు కాశాను. వచ్చేవాళ్లు లేరు, పోయేవాళ్లు లేరు. గుమ్మంలో ఉన్నవన్నీ ఆడవాళ్ల చెప్పులే. నన్ను చూస్తే ఆవిడ గబుక్కున తలుపేసుకుంటుంది. తప్పు లేనివాళ్లు అలా చేస్తారా?

స్టీలు గ్లాసు గోడకు ఆనించి విన్నాను. భాష రాకపోయినా ఏడుపు తెలుస్తుంది కదా.

నిఖిలకు చెబితే, టీవీ అయ్యుంటుంది నాన్నా అని నవ్వింది. టీవీ అయితే అన్నమాటే పదిసార్లు అనదమ్మా అన్నాను. దానికి కోపం వచ్చింది. పోలీసులూ గీలీసులూ అని నా ఉద్యోగం మీదికి తేకు, గోడకు చెవి పెట్టింది నువ్వు, ముందు నిన్నే అడుగుతారు అంది. నిజమే. కానీ ఆ పిల్లకేమన్నా అయితే? రేపు కింద సెక్యూరిటీ అతనికి చెబుదామనుకుంటున్నాను. మీరైతే ఏం చేసేవారు?

ఇట్లు,
మీ బావమరిది,
బసవయ్య.

తా.క. ఉత్తరం ఇంకా పోస్టు చెయ్యలేదు. సెక్యూరిటీ అతనికి చెప్పేశాను. అతను వెళ్లి తలుపు తట్టి, పక్కింటాయన ఏడుపు విన్నాడని చెప్పాడు. లోపల ఆవిడా, కూతురూ, టైపు కాగితాలూ. ఇంకెవరూ లేరు. యూనిఫారం చూడగానే ఆవిడ ఆ కాగితాలు వెనక్కి దాచుకుందట.

ఆవిడ నాటకాలు కూడా రాస్తుందట. రాసింది అందరి గొంతులతో పైకి చదివి చూసుకుంటుందట. మీరు తెర వెనక ఒక్క నోటితో రాజూ, రాణీ, బంట్రోతూ అవుతుంటే పక్కన కూర్చుని తాళం వేసినవాణ్ని. నాకే తెలియలేదు బావా.

మిగతాది ఆవిడ కూతురు మా నిఖిలకు చెప్పింది. తూర్పు జర్మనీలో ఉన్నప్పుడు ఆవిడ పక్కింటివాడు గోడకు చెవి పెట్టి విన్నదంతా పోలీసులకు చేరవేశాడట. నాటకాలు ఆడనివ్వలేదు. కవితలు అచ్చు కానివ్వలేదు. అన్నేళ్లూ గుసగుసగానే చదువుకుందట. ఇక్కడికొచ్చాకే గొంతెత్తింది. ఇప్పుడు రాస్తున్నది ఆ కథే. గద్దించేది పోలీసు అధికారి, బతిమాలే పిల్ల ఆవిడే.

ఆ రోజు నుంచి గోడ అవతల చప్పుడు లేదు. క్షమించమని అడగడానికి నాకు భాష లేదు. అందుకని మధ్యాహ్నం కాగానే గోడకు దూరంగా, వంటింట్లో నిలబడి మీ బొమ్మలాట గట్టిగా పాడుతున్నాను. నా చెవి గోడ మీద లేదని ఆవిడకు తెలియాలి కదా. సిగ్గుగానే ఉంది. రాజు, బంట్రోతు ఎలాగో వస్తున్నారు. రాణి గొంతు రావడం లేదు. ఎలా పెట్టేవారో రాయండి.