మాటకూ మాటకూ మధ్య సందు

సత్యమన్నా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. దిల్‌సుఖ్‌నగర్ డాబా మీద నువ్వు పెట్టిన రిపీటర్‌లోనే నిన్న పొద్దున మన హామ్ రేడియో వాళ్లమంతా ఎవరింట్లో వాళ్లుండి నీ సంస్మరణ సభ పెట్టుకున్నాం. నడిపింది నేనే. ఇంకా ఒళ్లు మండుతోంది, అందుకే రాస్తున్నాను.

ఎక్కడో ఉన్న చిన్న రేడియో సెట్టు మాటను అందుకుని ఊరంతటికీ వినిపించేదే రిపీటర్ అనేవాడివి. ఒకరి మాట అయ్యాక మూడు లెక్కపెట్టి గాని ఇంకొకరు మాట్లాడే బటన్ నొక్కకూడదని, ఆపదలో ఉన్నవాడు ఆ సందులోనే పిలవగలడని తిట్టి మరీ నేర్పావు. నిన్న నలభై నిమిషాలు ఎగబడి నిన్ను పొగిడాం. ఒక్కరూ లెక్కపెట్టలేదు.

మన యాదగిరి సభ మొదలయ్యేసరికే అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర పొలాల దారిలో బండి మీంచి పడి ఉన్నాడు. కాలు విరిగింది, ఫోన్ పగిలింది, మిగిలింది చేతిలో సెట్టు. అతను పిలిచిన ప్రతిసారీ మాలో ఎవరో ఒకరు బటన్ నొక్కే ఉన్నాం, మా మాటల కింద అతని పిలుపు అణిగిపోయింది. చివరికి పాలవ్యాన్ వాళ్లు చూసి ఎల్బీనగర్ ఆసుపత్రిలో చేర్చారు.

సాయంత్రం వెళ్తే నవ్వాడు. "నీ అన్న గురించి మంచిగ చెప్పిన్రు, అంతా విన్న. జర సందు ఇస్తే నేను గూడ మాట్లాడ్తుంటి."

అతని సిగ్నల్ వీక్‌గా ఉండి ఉంటుందని మనవాళ్లు సర్దిచెప్పుకుంటున్నారు. సిగ్గుండాలి.

సభ మొదట్లో వనస్థలిపురం రావుగారు, "ముందు ఓ రెండు నిమిషాలు మౌనం పాటిద్దామండీ" అన్నారు. రేడియోలో మౌనం ఎవరికి వినపడుతుంది, టైం దండగ అని కొట్టిపారేసింది నేనే అన్నా.